రెండు కాగితాల బలం!

మేళ్లచెరువు శివరాత్రి జాతరకు వెళ్లినవాళ్లు శంభులింగేశ్వరస్వామి దర్శనం అయ్యాక ఎడ్ల పందేల దగ్గర కాసేపు ఆగకుండా రారు. క్వింటాళ్ల బరువున్న బండను ఎడ్లజత లాక్కుపోతుంటే ఒకటే ఈలలు, కేకలు. బలమంటే అదీ అనిపిస్తుంది. అక్కడే నిలబడి ఓ హైస్కూలు కుర్రాడికి ఈ మాట చెప్పి చూడండి. రెండు తెల్లకాగితాలు అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువు తెలుస్తుందో, అంత బలంతో మాత్రమే నెట్టే ఇంజిను ఒకటుంది. వెయ్యి కిలోలకు పైగా బరువున్న వ్యోమనౌకను అది అంగారకుడి అవతలికి తీసుకెళ్లింది!

నమ్మడు. నమ్మకపోవడమే మంచిది, పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు.

దాని పేరు అయాన్ ఇంజిను. నాసా 1998లో పంపిన డీప్ స్పేస్-1, 2007లో పంపిన డాన్ నౌకలు దాంతోనే ప్రయాణించాయి. డాన్ 2011లో వెస్టాను, 2015లో సెరెస్‌ను చేరి వాటి చుట్టూ తిరిగింది.

నా చిన్నప్పటి సంగతి ఒకటి ఒప్పుకోవాలి. న్యూటన్ మూడో నియమం చెబుతూ మా సారు దీపావళి తారాజువ్వను ఉదాహరణగా చూపించారు. నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నా. కానీ మంట వెనకనున్న గాలిని నెడుతుంది కాబట్టే జువ్వ పైకి పోతుందని ఉద్యోగంలో చేరేదాకా అనుకుంటూనే ఉన్నా! మరి గాలే లేనిచోట రాకెట్ దేన్ని నెడుతుంది? ఆ ప్రశ్న నాకు తట్టలేదు, ఎవరూ అడగనూ లేదు.

పుట్టిలో పాఠం

జవాబు కృష్ణ ఒడ్డున దొరుకుతుంది. నిలకడ నీళ్లలో పుట్టి మీద కూర్చుని ఒక రాయిని వెనక్కి విసరండి. పుట్టి కాస్త ముందుకు జరుగుతుంది. రాయి గాలిని నెట్టినందుకు కాదు, మీరు రాయిని నెట్టినందుకు. రాకెట్ చేసేదీ ఇదే. తనలోని పదార్థాన్ని తనే వెనక్కి విసురుకుంటుంది.

చేత్తో కాకుండా వడిసెలతో విసిరితే? రాయి అదే, వేగం ఎక్కువ. పుట్టికి తగిలే తోపూ ఎక్కువే. మామూలు రాకెట్ వాయువులు సెకనుకు మూడు నుంచి నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో బయటికొస్తాయి. అయాన్లు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో! అంటే మేళ్లచెరువులో బయల్దేరి సెకనులో కోదాడ దాటేస్తాయన్నమాట. అందుకే కొద్దిపాటి ఇంధనంతోనే చాలా దూరం పోవచ్చు.

మరి తోపు ఎందుకంత తక్కువ? పిల్లలు ఇక్కడే తికమకపడతారు. వేగం పదింతలు కావాలంటే ఒక్కో రాయికీ ఖర్చయ్యే శక్తి వందింతలు కావాలి. నౌకకున్న ఆధారమేమో సౌరపలకల నుంచి వచ్చే కరెంటు. అది సరిపోయేంత మేరకే, సెకనుకు రెండు మూడు మిల్లీగ్రాముల చొప్పున విసరగలదు. పిడికెడు రాళ్లు కాదు, చిటికెడు ఇసుకన్నా తక్కువ.

పొగగొట్టం దగ్గర

ఇంతకీ వాయువును అంత వేగంగా విసిరేదెవరు? ఈ సంగతి చెప్పడానికి మేళ్లచెరువు మంచి చోటు. సున్నపురాయి నేల కాబట్టి ఈ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. సిమెంటు పరిశ్రమలో దుమ్ము పట్టే యంత్రాల్లో ఈఎస్పీ ఒకటి. ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ అని పూర్తిపేరు. చాలాచోట్ల ఇప్పుడు బ్యాగ్ ఫిల్టర్లు వాడుతున్నా, ఆ మాట విన్నవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. అందులో వేల వోల్టుల తీగల మధ్య నుంచి వెళ్లేటప్పుడు దుమ్ముకు విద్యుదావేశం అంటుకుంటుంది. ఎదురుగా ఉన్న పలకలు దాన్ని లాగేసుకుంటాయి. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టే.

అయాన్ ఇంజినులో దుమ్ముకు బదులు జినాన్ వాయువు. ఎలక్ట్రాన్లు వెళ్లి ఢీకొంటే జినాన్ పరమాణువు తన ఎలక్ట్రాన్ ఒకటి పోగొట్టుకుని ధనావేశం పొందుతుంది. అదే అయాన్. ఎదురుగా చిన్నచిన్న రంధ్రాలున్న రెండు జల్లెడలు, వాటి మధ్య వెయ్యి వోల్టులకు పైగా తేడా. అయాన్లు రంధ్రాల్లోంచి బాణాల్లా దూసుకుపోతాయి. ఈఎస్పీలో పలకకు అంటుకుంటాయి, ఇక్కడ దాటిపోతాయి. తేడా అంతే.

తెలివైన పిల్లలైతే వెంటనే ఇంకోటి అడగాలి. ధనావేశమంతా బయటికి పోతే నౌకలో మిగిలేది రుణావేశమే కదా, అది వెళ్లిన అయాన్లను వెనక్కి గుంజదా? గుంజుతుంది! అప్పుడు ప్రయాణం సాగదు. అందుకే ఇంజిను పక్కనే ఇంకో గొట్టం పెట్టి ఎలక్ట్రాన్లనూ బయటికి వదులుతారు. ఈ ప్రశ్న అడిగిన పిల్లాడికి పాఠం వచ్చేసినట్టే.

మన ఇస్రో కూడా..

ఇదంతా నాసా గొడవ, మనకెందుకనుకోవద్దు. ఇదే కుటుంబానికి చెందిన ప్లాస్మా థ్రస్టర్లను ఇస్రో 2010 ఏప్రిల్ 15న జీశాట్-4లో పంపింది. జల్లెడలకు బదులు అయస్కాంత క్షేత్రం సాయం తీసుకునే రకం అవి. రాకెట్ విఫలమై అన్నీ బంగాళాఖాతం పాలయ్యాయి. శ్రీహరికోట నుంచే 2017 మే 5న వెళ్లిన జీశాట్-9లో విద్యుత్ చోదనం మళ్లీ వాడారు. సొంతంగా తయారుచేసిన 300 మిల్లీన్యూటన్ల థ్రస్టర్‌ను వెయ్యి గంటలు నడిపి చూశామని 2025 మార్చిలో ఇస్రో ప్రకటించింది. 300 మిల్లీన్యూటన్లంటే ముప్ఫై గ్రాముల బరువంత. అంతే!

మళ్లీ జాతరకే వద్దాం. 20 క్వింటాళ్ల బండను డాన్ ఇంజినుకు కడితే కదులుతుందా? నేలమీద ఇసుమంతైనా కదలదు, రాపిడి ఒప్పుకోదు. అదే బండ అంతరిక్షంలో ఉంటే? బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం. తొమ్మిదో తరగతి లెక్కే. బలం 0.09 న్యూటన్లు, బండ 2,000 కిలోలు. ఒకరోజు గడిచేసరికి సెకనుకు దాదాపు నాలుగు మీటర్ల వేగం, అంటే సైకిలు వేగం. రెండోరోజుకు మోపెడ్. ఎక్కడా ఆపకుండా అలాగే నెడుతూ పోతే ఏడాదికి గంటకు ఐదువేల కిలోమీటర్లు. పలకా బలపం ఇచ్చి పిల్లల్నే వేసి చూడమనండి.