తుఫాను వస్తోందా? ఏసీని రిమోట్‌తో ఆఫ్ చేస్తే సరిపోదు.. ఇలా రెడీ చేయండి

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఫోన్, పవర్ బ్యాంక్ ఫుల్ చార్జ్ పెట్టుకోవడం. మంచి అలవాటే. కానీ వేలకు వేలు పోసి కొన్న ఏసీ గురించి మాత్రం పెద్దగా ఆలోచించం. "ఎలాగూ చల్లగానే ఉంటుంది, ఏసీ ఎందుకులే" అనుకుని రిమోట్‌తో ఆఫ్ చేసి వదిలేస్తాం. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

మన తీరానికి తుఫాన్ల సీజన్లు రెండు. వర్షాకాలానికి ముందు ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకొకటి. 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్.. మూడూ రెండో సీజన్‌లో వచ్చినవే. అంటే వేసవి సర్వీసింగ్ అయిపోయి, ఏసీని మనం పట్టించుకోవడం మానేసిన టైమ్‌లోనే అసలు పరీక్ష వస్తుంది.

తుఫానులో ఏసీకి ముప్పు మూడు వైపుల నుంచి ఉంటుంది: గాలి, నీళ్లు, కరెంటు. ఒక్కోటి చూద్దాం.

గాలి: చిన్న లెక్క, పెద్ద ప్రమాదం

గాలి వేగం రెట్టింపు అయితే అది తోసే బలం నాలుగు రెట్లు అవుతుంది. స్ప్లిట్ ఏసీ ఔట్‌డోర్ యూనిట్ ముందు భాగం సుమారు 80 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. గంటకు 90 కిలోమీటర్ల గాలి నేరుగా తగిలితే దాని మీద పడే బలం దాదాపు 17 కిలోల బరువుతో సమానం. అదే 180 కిలోమీటర్లు అయితే దాదాపు 67 కిలోలు. హుద్‌హుద్ గాలులు ఇంచుమించు ఆ స్థాయిలోనే వీచాయి.

పైగా గాలి ఒక్కసారి తోసి ఆగదు. గంటల తరబడి ఊపుతూనే ఉంటుంది. వదులుగా ఉన్న నట్టు ఇంకా వదులవుతుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన స్టాండ్ అయితే విరిగిపోవచ్చు. నాలుగో అంతస్తు నుంచి 30 కిలోల యూనిట్ కింద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ఇది మన ఏసీకి మాత్రమే సంబంధించిన విషయం కాదు. కింద నడిచేవాళ్ల ప్రాణాలకు సంబంధించినది.

సీజన్ మొదలవక ముందే టెక్నీషియన్‌ని పిలిచి ఇవి చూపించండి:

- గోడలోకి దిగిన యాంకర్ బోల్టులు కదులుతున్నాయా?
- యూనిట్ కాళ్ల దగ్గర నాలుగు నట్లూ ఉన్నాయా, బిగుతుగా ఉన్నాయా?
- స్టాండ్ వెల్డింగ్ దగ్గర తుప్పు పెచ్చులుగా ఊడుతోందా? అలా ఉంటే పెయింట్ వేసి సరిపెట్టకండి, స్టాండ్ మార్చేయండి.
- రాగి పైపులు గోడకు క్లాంపులతో బిగించి ఉన్నాయా? పైపులు ఊగితే జాయింట్ల దగ్గర గ్యాస్ లీక్ అవుతుంది.

సజ్జ మీదికి దిగి, బాల్కనీ బయటికి వంగి ఈ చెకింగ్ మీరే చేయాలని చూడకండి. మీకు అందే చోట ఉంటేనే చేయి పెట్టండి.

చాలామంది చేసే ఇంకో పని, ఔట్‌డోర్ యూనిట్‌కి టార్పాలిన్ చుట్టేయడం. దీంతో మేలు కంటే కీడే ఎక్కువ. ఆ యూనిట్ వానలో తడవడానికే డిజైన్ చేసినది. టార్పాలిన్ కడితే అది పడవ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది, బోల్టుల మీద ఒత్తిడి పెరుగుతుంది. కవర్ తీయడం మర్చిపోయి ఏసీ ఆన్ చేస్తే వేడి బయటికి పోక కంప్రెసర్ మీద లోడ్ పడుతుంది. దానికి బదులు చుట్టుపక్కల ఉన్న పూలకుండీలు, రేకు ముక్కలు, విరిగిన కుర్చీలు లోపలికి తెచ్చేయండి. గాలికి ఎగిరొచ్చి యూనిట్ ఫిన్స్‌ని నొక్కేసేవి ఇలాంటివే.

నీళ్లు: పైనుంచి కాదు, కింద నుంచి భయం

వాన కంటే నిలిచిన నీళ్లే ఏసీకి ప్రమాదం. గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల మీద పెట్టిన యూనిట్ అయితే, మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తుకి వస్తాయో గుర్తు చేసుకుని అంతకంటే పైకి ఎత్తించండి. పైపులు గోడలోకి వెళ్లే రంధ్రం చుట్టూ సందు ఉంటే సీలెంట్‌తో మూసేయండి. అడ్డంగా కొట్టే జల్లు అందులోంచే లోపలికి వస్తుంది. డ్రెయిన్ పైపులో చెత్త ఉంటే ఇప్పుడే శుభ్రం చేయించండి.

కరెంటు: కనపడని దెబ్బ

రిమోట్‌తో ఆఫ్ చేసినా ఏసీ పూర్తిగా ఆఫ్ కాదు. రిమోట్ సిగ్నల్ కోసం లోపలి సర్క్యూట్ బోర్డు, అదే పీసీబీ, ఇంకా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. వైఫై ఏసీలో యాప్ నుంచి ఆఫ్ చేసినా అంతే.

తుఫానులో చెట్లు పడి తీగలు ఒకదానికొకటి తగులుతాయి, న్యూట్రల్ తెగుతుంది. న్యూట్రల్ పోతే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 వోల్టుల దాకా కూడా రావచ్చు. పోయిన కరెంటు తిరిగి వచ్చేటప్పుడు రెండు మూడు సార్లు వచ్చి పోతుంటుంది కదా, అప్పుడు కూడా వోల్టేజ్ ఎగిరి పడుతుంది. ఇన్వర్టర్ ఏసీ పీసీబీ కాలిపోతే బిల్లు వేలల్లోనే.

"మాది స్టెబిలైజర్ అక్కర్లేని ఏసీ కదా" అంటారా? దాని అర్థం, బాక్స్ మీద రాసిన వోల్టేజ్ పరిధిలో పని చేస్తుందని మాత్రమే. ఆ పరిధి దాటితే గ్యారంటీ లేదు. స్టెబిలైజర్ ఉన్నా అది హెచ్చుతగ్గులను సరిచేస్తుంది కానీ, పిడుగుపాటు లాంటి క్షణకాలపు సర్జ్‌ని ఆపడం దాని పని కాదు. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించుకుంటే మంచిదే, ఎర్తింగ్ సరిగా ఉంటేనే అది పని చేస్తుంది. వీటన్నిటికంటే గట్టి రక్షణ పైసా ఖర్చు లేనిది: ఏసీ ఎంసీబీని దించేసి, ప్లగ్ ఉంటే ఊడదీయడం.

ఏ హెచ్చరికకు ఏం చేయాలి?

వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలను దశలవారీగా ఇస్తుంది. వాటినే మీ టైమ్‌టేబుల్ చేసుకోండి.

- 72 గంటల ముందు: బోల్టులు, స్టాండ్ చివరిసారి చెక్ చేయించండి. మోడల్, సీరియల్ నంబర్ ఉన్న స్టిక్కర్‌ని, బిల్లుని, బిగించి ఉన్న యూనిట్‌ని ఫొటో తీసి క్లౌడ్‌లో పెట్టుకోండి. ప్రకృతి వైపరీత్యాల నష్టం సాధారణంగా వారంటీలోకి రాదు. ఇంటి ఇన్సూరెన్స్ ఉంటే ఈ ఫొటోలు పనికొస్తాయి.
- 48 గంటల ముందు: బాల్కనీ, మేడ ఖాళీ చేయండి. డ్రెయిన్ పైపు చూసుకోండి.
- 24 గంటల ముందు: కావాలంటే గది చల్లబరుచుకోండి. ఈదురుగాలులు మొదలైతే ఎంసీబీ దించేయండి.
- తీరం దాటే సమయంలో: ఏసీ వైపు వెళ్లకండి. హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగానే వెళ్లింది. కన్ను మీదుగా వెళ్లేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందని బాల్కనీలోకి వెళితే, కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడుతుంది.

తుఫాను వెళ్లాక ఆన్ చేసే పద్ధతి

కరెంటు రాగానే ఏసీ స్విచ్ వేయకండి. ముందు లైట్లు, ఫ్యాన్లు వేసి చూడండి. బల్బులు మరీ ఎక్కువ వెలుగుతున్నా, మసకబారుతున్నా మెయిన్ ఆఫ్ చేసి 1912కి ఫోన్ చేయండి. సప్లై ఒక గంట పాటు నిలకడగా ఉన్నాకే ఏసీ సంగతి.

తర్వాత ఔట్‌డోర్ యూనిట్‌ని చూడండి. ఒరిగిందా, ఫ్యాన్‌లో కొమ్మలు ఇరుక్కున్నాయా, పైపు వంగిందా? ఎంసీబీ దించి ఉండగానే ఆకులు తీసేసి, ఫిన్స్ మీద మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పు, ఇసుక కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు, ఫిన్స్ వంగిపోతాయి. ఆరాక ఆన్ చేసి, వింత శబ్దం గానీ కాలిన వాసన గానీ వస్తే వెంటనే ఆపేయండి.

యూనిట్ వరద నీటిలో మునిగి ఉంటే మాత్రం, పైకి ఎండినట్టు కనిపించినా టెక్నీషియన్ చూసేదాకా ఆన్ చేయొద్దు. లోపల తడి ఉంటే షార్ట్ సర్క్యూట్, షాక్ రెండూ జరగొచ్చు. ఇప్పుడు చాలా ఏసీల్లో వాడే ఆర్32 గ్యాస్‌కి మంటను అందుకునే గుణం కొంత ఉంది. కాబట్టి లీక్ అనుమానం ఉంటే కిటికీలు తెరిచి, అక్కడ అగ్గిపుల్ల గీయకుండా టెక్నీషియన్‌ని పిలవండి.

చివరగా, కరెంటు లేని రోజుల గురించి. ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టర్ 1.5 టన్నుల ఏసీని లాగలేదు, ప్రయత్నించకండి. జెనరేటర్‌ని ఇంటి సాకెట్‌లో గుచ్చి వాడటం ఇంకా ప్రమాదం. ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళ్లి, స్తంభం మీద మన కోసం పని చేస్తున్న లైన్‌మ్యాన్ ప్రాణం తీయొచ్చు. ఆ రెండు మూడు రోజులు కిటికీ తెరుచుకుని, చార్జ్ అయ్యే ఫ్యాన్‌తో సరిపెట్టుకోండి.