మీట నొక్కిన పిదప

చేతిఫోను తెరపైనున్న మీట నిజమునకు మీట కాదు. గోడమీది విద్యుద్దీపపు మీటకు కదలిక కలదు. టైపు యంత్రపు మీటకు కదలికతోపాటు చప్పుడును కలదు. ఫోనులో నున్నది కదలని గాజుపలక. దాని క్రింద వెలుగుచుక్కలతో తీర్చిన చిన్న బొమ్మ. అయినను ఆ బొమ్మను తాకినంతనే సొమ్ము చేతులు మారుచున్నది, జాబు పోవుచున్నది, రైలుబండిలో చోటు ఖాయమగుచున్నది. బొమ్మకు మీట గుణమును అబ్బజేయునది ప్రోగ్రాము వ్రాయువాని బుద్ధి. ఆ బుద్ధి ఎంత నిశితమో, మీట అంత నమ్మదగినది.

మానవ శరీరము విద్యుద్వాహకము. గాజు క్రింద కంటికి కానరాని సన్నని వాహకపు గీతలు అడ్డముగను నిలువుగను పరచియుండును. వ్రేలు ఆనిన తావున విద్యుదావేశమును నిలుపుకొను శక్తి రవంత మారును. ఆ మార్పును కొలిచి, వ్రేలు ఎచ్చట ఆనినదో లెక్కకట్టి, ఒక చిన్న చిప్పు ఆ సంగతిని ఆపరేటింగ్ సిస్టమ్‌నకు తెలియజేయును. ఆండ్రాయిడ్ ఫోనులలో వ్రేలు ఆనినప్పుడు ఒక వార్త, జరిగినప్పుడు వేరొక వార్త, లేచినప్పుడు మరియొక వార్త పుట్టును. ఆనిన మాత్రమున అది 'క్లిక్' అనిపించుకొనదు. మీట హద్దులలో ఆనిన వ్రేలు ఆ హద్దులలోనే లేచినప్పుడే క్లిక్ పూర్తియగును. పొరపాటున తాకినవాడు వ్రేలెత్తక ప్రక్కకు జరిపి ఎత్తినచో ఆజ్ఞ రద్దగును. అన్న మాటను వెనుకకు తీసికొనలేము. ఆనిన వ్రేలిని మాత్రము తీసికొనవచ్చును.

క్లిక్ జరిగినదని ప్రోగ్రామునకు తెలియుటెట్లు? మాటిమాటికి మీటవద్దకు పోయి "నొక్కిరా?" అని అడుగుచుండుట వృథాశ్రమ. పాఠశాలలో గంట కొట్టువానికి ఏ తరగతిలో ఏ పాఠమో తెలియనక్కరలేదు. గంట మ్రోగినచో ఏమి చేయవలెనో ప్రతి ఉపాధ్యాయుడును ముందే ఎరుగును. మీట పద్ధతియు నిట్టిదే. 'ఈ మీట నొక్కినప్పుడు ఈ పని చేయుము' అని ప్రోగ్రాము వ్రాయువాడు ముందే నమోదుచేసి యుంచును. ఆ పనికి ఒప్పుకొన్న భాగమునకు ఆండ్రాయిడ్‌లో 'ఆన్‌క్లిక్‌లిజనర్' అని పేరు. క్లిక్‌ను ఆలకించునదని భావము. క్లిక్ కాగానే సిస్టమ్ దానిలోని 'ఆన్‌క్లిక్' అను భాగమును పిలుచును.

ఇచ్చటనే తొలి చిక్కు. తెరను చిత్రించుట, తాకుడు వార్తలను అందుకొనుట, ఈ రెండు పనులును 'మెయిన్ థ్రెడ్' అను ఒకే దారమునకు అప్పగింపబడియున్నవి. ఒకే గుమాస్తాగల తపాలా కిటికీ వంటి దిది. ఆన్‌క్లిక్‌లోనే పెద్ద లెక్కయో, పెద్ద ఫైలును చదువుటయో పెట్టినచో గుమాస్తా లోపలి గదికి పోయినట్లే, బారులోనివారందరును నిలిచిపోవుదురు. తాకుడునకు 5 సెకనులలోపల బదులు రానిచో, యాప్ స్పందించుటలేదని ఆండ్రాయిడ్ ప్రకటించును. 1993లో జాకబ్ నీల్సన్ ప్రచురించిన ప్రమాణము ఇంతకంటె కఠినము: ఫలితము 0.1 సెకనులోపల కనిపించిననే అది తక్షణము జరిగినట్లు మనుష్యునకు తోచును. కావున బరువైన పనిని వేరొక థ్రెడ్‌నకు పంపి, మీట రంగు మార్చియో, 'పని జరుగుచున్నది' అని చూపియో వెంటనే బదులియ్యవలెను.

బదులు రానిచో మనుష్యుడేమి చేయును? మరల నొక్కును. పరీక్ష రుసుము చెల్లించు విద్యార్థి ఆత్రముతో రెండుమార్లు నొక్కినచో, అజాగ్రత్తగా వ్రాసిన యాప్ రెండు చెల్లింపులను పంపును. నెలాఖరున ఆ రెండవ రుసుము ఒక కుటుంబమునకు బియ్యపు ఖర్చు కావచ్చును. మొదటి క్లిక్‌తోనే మీటను పనిచేయకుండ ఆపివేయుట ఒక ఉపాయము. అది చాలదు, నడుమ సంబంధము తెగినచో యాప్ అదే కోరికను తిరిగి పంపవచ్చును. అందుచేత ప్రతి చెల్లింపునకును ఒక ప్రత్యేక సంఖ్యను జతచేయుదురు. అదే సంఖ్య రెండవసారి వచ్చినచో సర్వరు దానిని క్రొత్తదిగా నెంచక, మొదటి ఫలితమునే తిరిగి చెప్పును.

మీట అందరి వ్రేళ్లకును అందవలెను. గూగుల్ సూచన ప్రకారము తాకుచోటు పొడవు వెడల్పులు 48 డీపీ, అనగా దాదాపు 9 మిల్లీమీటర్లు, ఉండవలెను. చూపులేనివారు 'టాక్‌బ్యాక్' సాయముతో మీట పేరును చెవులార విని, రెండుమార్లు తట్టి దానిని నొక్కుదురు. బొమ్మమీటకు పేరు పెట్టనిచో అది దేనికొరకో వారికి తెలియదు. వ్రేలు ఆనుటను, లేచుటను మాత్రమే స్వయముగా గమనించునట్లు మీటను వ్రాసి, క్లిక్ మార్గమును విడిచినచో వారి తట్టు వ్యర్థము కావచ్చును. తలుపు ఉండును, గడియ మాత్రము వారి చేతికి అందదు.

ఈ విద్య నభ్యసించు బాలురును బాలికలును తాము వ్రాసిన మీట ఒకసారి పనిచేసినదని తృప్తిపడరాదు. దానిని రెండుమార్లు త్వరత్వరగా నొక్కి చూడవలెను. వ్రేలు ఆనించి ప్రక్కకు జరిపి చూడవలెను. ఇంటర్నెట్ ఆపి నొక్కి చూడవలెను. చివరకు కన్నులు మూసికొని, టాక్‌బ్యాక్ మాట వినుచు నొక్కి చూడవలెను. ఈ నాలుగు పరీక్షలకు పట్టు కాలము కొన్ని నిమిషములు మాత్రమే.