ఈనెను మడిచే ప్రొటీన్

కొబ్బరి ఈనె పొడుగ్గా ఉంటే విల్లులా వంగుతుంది. అంగుళం ముక్కను మడవబోతే మొరాయిస్తుంది. డీఎన్‌ఏ కూడా అంతే. 150 క్షార జంటల పొడవు లోపు అది దాదాపు పుల్లలా బిర్రుగా ఉంటుంది. అలాంటిది, ఇ. కోలై బాక్టీరియాలోని ఐహెచ్‌ఎఫ్ అనే చిన్న ప్రొటీన్ కేవలం 35 జంటల ముక్కను 160 డిగ్రీలకు పైగా వంచేస్తుంది. వచ్చిన దారినే వెనక్కి తిప్పినట్టన్నమాట.

ఈ ప్రొటీన్ బయటపడింది ఒక వైరస్ పుణ్యాన. ఎస్తర్ లెడర్‌బర్గ్ కనిపెట్టిన లామ్డా వైరస్, బాక్టీరియాలోకి చొరబడ్డాక రెండు దారుల్లో ఒకటి పడుతుంది. నకళ్లు తయారుచేసుకుని కణాన్ని బద్దలు కొడుతుంది. లేదా తన 48,502 జంటల డీఎన్‌ఏను బాక్టీరియా డీఎన్‌ఏలో అతికించి తరతరాలు అక్కడే అణగి ఉంటుంది. అతికించే ఎంజైమ్ ఇంటిగ్రేజ్ వైరస్ సొంతమే. కానీ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హోవార్డ్ నాష్ ఈ చర్యను పరీక్షనాళికలో జరిపిస్తే, ఇంటిగ్రేజ్ ఒక్కటే చాలలేదు. బాక్టీరియా ప్రొటీన్ కూడా కావలసి వచ్చింది. అదే ఐహెచ్‌ఎఫ్.

అది డీఎన్‌ఏను ఎలా వంచుతుందో 1996లో ఫీబీ రైస్, నాష్ బృందం స్ఫటిక నిర్మాణంతో చూపింది. ఈ ప్రొటీన్ రెండు ముక్కల జత. ఒక్కో ముక్క నుంచి ఒక్కో చెయ్యి సాగి డీఎన్‌ఏలోని సన్నని గాడిని చుట్టుకుంటుంది. డీఎన్‌ఏలో జంటలు తమలపాకుల దొంతరలా పేర్చి ఉంటాయి కదా, చేతి కొసనున్న ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఆ దొంతరలోకి చీలలా దూరుతుంది. 9 జంటల ఎడంలో రెండు చోట్ల విరుపు పడుతుంది. ఆపై రుణావేశమున్న డీఎన్‌ఏ రెండు వైపులనూ ప్రొటీన్ ఒంటిమీది ధనావేశం లాగి హత్తుకుంటుంది.

ఇంత వంపు ఎందుకు? ఇంటిగ్రేజ్ ఒక కొసతో అతుకు పడే చోటును, మరో కొసతో దానికి దూరంగా ఉన్న ఇంకో చోటును పట్టుకోవాలి. వైరస్ డీఎన్‌ఏ మడతపడితేనే ఆ రెండూ అందుబాటులోకి వస్తాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం 1989 నాటిది. ఐహెచ్‌ఎఫ్ కూర్చునే ఒక చోటును గుడ్‌మన్, నాష్ తీసేసి, డీఎన్‌ఏను వంచే వేరే ప్రొటీన్‌కు అక్కడ చోటిచ్చారు. అయినా అతుకు పడింది! అక్కడ కావలసింది వంపేనని, ఎవరు వంచారన్నది ముఖ్యం కాదని తేలిపోయింది.

నిజానికి బాక్టీరియాకు ఈ ప్రొటీన్ తన జన్యువుల పనికే కావాలి. వైరస్ దాన్ని వాడుకుంటోంది, అంతే. 2016లో జెన్నిఫర్ డౌడ్నా బృందం మరో సంగతి చూపింది. దాడికొచ్చిన వైరస్ డీఎన్‌ఏ తునకను ఇ. కోలై తన క్రిస్పర్ వరుసలో ఆనవాలుగా దాచుకునేటప్పుడు, ఆ తునక సరైన చోట పడేలా డీఎన్‌ఏను మడిచి పెట్టేదీ ఈ ఐహెచ్‌ఎఫే.