గడ్డ గట్టిదా, మెత్తదా?

రొమ్ములో గడ్డ ఉందని వెళ్తే డాక్టరు వేళ్లు ముందుగా వెతికేది దాని గట్టిదనాన్నే. వేళ్ల కింద అటూ ఇటూ జారుతూ, నొక్కితే కాస్త లొంగుతూ ఉంటే చాలావరకు అది ఫైబ్రోఎడినోమా. వయసులో ఉన్న ఆడపిల్లల్లో తరచుగా కనిపించే ఈ కణితితో ప్రాణానికి ముప్పు లేదు. కదలకుండా, అంచు దొరక్కుండా, ఎంత నొక్కినా లొంగకుండా ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. చాలా రొమ్ము క్యాన్సర్లు తమ చుట్టూ పీచులాంటి కణజాలాన్ని పోగేసుకుంటాయి. ఆ గట్టిదనం అక్కడి నుంచి వచ్చిందే. నొప్పి లేదు కదా అని మన ఇళ్లలో నెలల తరబడి ఊరుకునేదీ తరచుగా ఇలాంటి గడ్డనే.

వేళ్లకు అందేది కొంతే. లోతున ఉన్న చిన్న గడ్డ తెలియదు. ఒక డాక్టరుకు గట్టిగా తగిలింది ఇంకొకరికి తగలకపోవచ్చు. మామూలు అల్ట్రాసౌండ్ ఆకారం చూపిస్తుంది, అంచులు చూపిస్తుంది, ఎంత గట్టిదో చెప్పదు. ఈ లోటు తీర్చడానికి 1991లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జొనాథన్ ఓఫిర్ బృందం ఒక పద్ధతిని ముందుకు తెచ్చింది. దాని పేరే ఎలాస్టోగ్రఫీ.

బూరుగుదూది దిండులో చింతగింజ ఇరుక్కుందనుకోండి. పైనుంచి అదిమితే దూది అణుగుతుంది, గింజ అణగదు. ఇక్కడా అంతే. రొమ్ము మీద జెల్ రాసి, అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో మెల్లగా అదుముతారు. అదమకముందు వచ్చిన ప్రతిధ్వనులను, అదిమాక వచ్చినవాటితో యంత్రం పోల్చి, ఏ భాగం అణిగిందో, ఏది మొరాయించిందో రంగుల్లో చూపిస్తుంది. అదమడమంటే నొప్పి పుట్టించేంత కాదు. నిజానికి చెయ్యి బరువు పడితే ఉత్త కొవ్వు కూడా గట్టిగా కనిపిస్తుంది. అందుకే చేసేవారి అనుభవం మీద ఫలితం చాలా ఆధారపడుతుంది.

రంగుల సంగతి ఇక్కడే చెప్పాలి. కొన్ని యంత్రాల్లో గట్టిదనానికి గుర్తు నీలం, కొన్నింటిలో ఎరుపు. రిపోర్టుతో ఇచ్చిన ఫొటోలో ఎర్రమచ్చ చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తనక్కర్లేదు. పక్కనే ఉండే నిలువు రంగుల పట్టీని చూస్తేగానీ ఏ రంగు దేనికో తెలియదు.

2006లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రంగులకు 1 నుంచి 5 దాకా మార్కులు పెట్టారు. గడ్డ అంతా అణిగితే 1, అసలు అణగకపోతే 4, చుట్టుపక్కల భాగం కూడా బిగుసుకుపోయి ఉంటే 5. వాళ్లు చూసిన 52 క్యాన్సర్లలో 45కు 4 లేదా 5 పడ్డాయి. హాని లేని 59 గడ్డల్లో 53కు అంతకన్నా తక్కువే వచ్చాయి. ఫలితం బాగుంది, కాదనను. కానీ నా కళ్లు మిగిలిన ఆ ఏడు క్యాన్సర్ల మీదే ఆగుతాయి. ఒక్క ఈ పరీక్షనే నమ్ముకుని ఉంటే ఆ ఏడుగురినీ ఇంటికి పంపేసేవారే.

చేతి బరువు తేడా తగ్గించడానికి వచ్చింది షియర్ వేవ్ పద్ధతి. ఇందులో ప్రోబే ఒక ధ్వని తోపుడు ఇస్తుంది. దాంతో కణజాలంలో అడ్డంగా అలలు పాకుతాయి. అల్ట్రాసౌండ్ శరీరంలో సెకనుకు 1540 మీటర్లు పోతే, ఈ అలలు నడిచేది సుమారు 1 నుంచి 10 మీటర్లే. గట్టి చోట వేగం పెరుగుతుంది. యంత్రం సెకనుకు వేల చిత్రాలు తీసి ఆ వేగాన్ని పట్టుకుని, గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతుంది.

ఇదంతా ఎక్కువగా అక్కరకొచ్చేది ఎటూ తేలని గడ్డల విషయంలో. స్కానింగ్ రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 3 అయితే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు, సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. 4ఏ అయితే 2 నుంచి 10 శాతం, బయాప్సీ (ముక్క పరీక్ష) చేయమంటారు. అంటే 4ఏ వచ్చినవారిలో ఎక్కువమందికి సూది పడేది హాని లేని గడ్డకే. 939 గడ్డలపై చేసిన అధ్యయనం ఒకటి 2012లో వెలువడింది. షియర్ వేవ్ కొలతను కూడా లెక్కలోకి తీసుకుంటే, హాని లేని గడ్డల్లో అనవసరపు అనుమానం తప్పినవి 61 శాతం నుంచి 78 శాతానికి పెరిగాయని అందులో తేలింది. రిపోర్టు కోసం ఎదురుచూస్తూ నిద్ర లేకుండా గడిపే రాత్రులు అంతమందికి తప్పితే అది చిన్న మేలు కాదు.

అయితే మెత్తటి క్యాన్సర్లూ ఉన్నాయి. జిగురు నిండిన మ్యూసినస్ రకం, పాల నాళాలు దాటి బయటికి రాని తొలిదశ రకం, లోపల కుళ్లిన పెద్ద గడ్డలు యంత్రాన్ని బోల్తా కొట్టించగలవు. సున్నం పట్టిన పాత ఫైబ్రోఎడినోమా, ఆపరేషన్ మచ్చ హాని లేకపోయినా గట్టిగానే కనిపిస్తాయి. అందుకే 2013 నాటి బైరాడ్స్ నియమావళి గట్టిదనాన్ని చేర్చుకుంటూనే, ఆకారం, అంచులు చెప్పేదానికే పెద్దపీట వేయమంది. అంచులు ముళ్లుముళ్లుగా ఉన్న గడ్డ ఎంత మెత్తగా ఉన్నా ముక్క పరీక్ష చేయాల్సిందే.

ఆ పరీక్ష దగ్గరే మనవాళ్లు వెనకాడతారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందన్న భయం చదువుకున్నవారిలోనూ ఉంది. బయాప్సీ వల్ల రోగి ఆయుష్షు తగ్గదు. నిర్ధారణ ఆలస్యమైతేనే ముప్పు. చోటు మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ సన్నటి ముక్కలు నాలుగైదు తీస్తారు, మామూలుగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. అది ఏ రకం క్యాన్సరో, హార్మోన్ మందులకు లొంగేదో కాదో తేలేది ఆ ముక్కల్లోనే. ఎలాస్టోగ్రఫీ తెర మీద ఏ రంగూ ఆ సంగతి చెప్పలేదు.