వడిసెల రాయియు మాత్రికల మూలములును

జొన్నచేల మంచెలపై కావలి కాచిన పావగడ ప్రాంతపు పెద్దలకు వృత్తగతిని గూర్చి శాస్త్రము క్రొత్తగా చెప్పవలసినది కొంచెమే. వడిసెల త్రిప్పువాడు, రాయి పిట్టల గుంపునకు ఎదురుగా వచ్చినపుడు త్రాడు వదలడు. ప్రక్కకు వచ్చినపుడే వదలును. ఏలయన, విడువబడిన రాయి త్రాడు వెంబడి వెలుపలికి పోదు. వృత్తమునకు స్పర్శరేఖ యగు దిక్కున పోవును. చేతికి తెలియు లాగుడు వెలుపలికే యైనను, రాతిపై త్రాడు చేయు లాగుడు కేంద్రమువైపునకే. మీటరు త్రాటితో సెకనుకు రెండు చుట్లు త్రిప్పినచో ఆ లాగుడు రాతి బరువునకు సుమారు 16 రెట్లుండును. వేగము రెట్టింపైన లాగుడు నాలుగింతలగును.

ఈ బలము కేంద్రమువైపునకే యేల యుండవలెను? చేతినుండి రాతివైపు త్రాడు చూపు దిక్కును పావు చుట్టు త్రిప్పిన రాతి వేగపు దిక్కు వచ్చును. ఆ వేగపు దిక్కును రాతితోపాటు తిరుగుచుండును గనుక, దానిని మరల పావు చుట్టు త్రిప్పిన వేగపు మార్పు, అనగా త్వరణము, యొక్క దిక్కు వచ్చును. రెండు పావులు కలిసి అర చుట్టు. కావున త్వరణము చేతివైపు చూపును.

ఈ పావు చుట్టులోనే మాత్రికల రహస్య మొకటి యిమిడియున్నది. మాత్రిక యనగా అడ్డువరుసలు, నిలువువరుసలుగా పేర్చిన సంఖ్యల పట్టిక. అది ఒక బాణమును మరియొక బాణముగా మార్చును. కొన్ని బాణములకు దిక్కు మారక పొడవు మాత్రమే మారును. ఎన్ని రెట్లు మారునో ఆ సంఖ్యయే లాక్షణిక మూలము. దీనినే ఐగెన్ విలువ యనియు అందురు. పావు చుట్టు త్రిప్పు మాత్రికకు దిక్కు మారని బాణమే లేదు. అయినను దానిని రెండు మారులు ప్రయోగించిన ప్రతి బాణమును వెనుకకు తిరుగును, అనగా -1 చేత గుణింపబడును. కావున దాని మూలము, తన వర్గము -1 అగు సంఖ్య కావలెను. దీనికి కల్పిత సంఖ్య యని పేరిడుట అన్యాయమే. వడిసెలలో కల్పితమేదియు లేదు. మూలములో కల్పిత భాగ మున్నచోట భ్రమణ మున్నదని గ్రహింపవలెను.

ఇక వేయి అడ్డువరుసలు, వేయి నిలువువరుసలు గల పట్టికను, సగటు 0, విస్తృతి 1 ఉండునట్లు, తోచిన సంఖ్యలతో నింపుదురు గాక. ఆ వేయి మూలములను తలముపై గుర్తించినచో అవి చెల్లాచెదరుగా పడవు, సుమారు 31.6 వ్యాసార్ధము గల వృత్తములోపల ఇంచుమించు సమముగా పరచుకొనును. ఆ వ్యాసార్ధము వేయికి వర్గమూలము. వృత్తమును ఎవరును గీయలేదు! దీనిని 1965లో జినిబ్ర్ ఒక ప్రత్యేక సందర్భమునకు కనుగొనెను. 1984లో గిర్కో సామాన్యరూపమునకు త్రోవ చూపెను. 1997లో బాయ్ జిదోంగ్ గట్టి నిరూపణ మిచ్చెను. తుదకు టావో, వూ అనువారు అనవసర నిబంధనలను తొలగించిరి. పట్టిక సౌష్ఠవము గలదైనచో భ్రమణ ముండదు, మూలము లన్నియు ఒక సరళరేఖపైనే నిలుచును. అణుకేంద్రముల శక్తిస్థాయిల కొరకు విగ్నర్ 1950ల దశకమున పరిశీలించిన దీ రెండవ జాతి.

ఈ చరిత్రలో తెలుగువారి పాలు తక్కువది కాదు. కల్యంపూడి రాధాకృష్ణరావు 1920లో నాటి బళ్లారి జిల్లా హడగలిలో, కన్నడ సీమలోని తెలుగింట జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 1979లో పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున చేరెను. అచట పరుచూరి కృష్ణయ్య బహుచర సాంఖ్యక శాస్త్రమునకు ఆచార్యుడు. ఆ శాస్త్రమునకు 1971లోనే ప్రత్యేక పత్రికను స్థాపించినవాడు. పైని పేర్కొనిన బాయ్ 1980లలో వారితో పనిచేసినవాడే. యిన్, బాయ్, కృష్ణయ్య మువ్వురును కలిసి పెద్ద సహవిస్తృతి మాత్రికలో అన్నిటికంటె పెద్ద మూల మెచట నిలుచునో నిరూపించిరి. ఆ వ్యాసము 1988లో వెలువడునప్పటికి కృష్ణయ్య లేడు; 1987లోనే గతించెను.

వానచుక్కకై చూచు తాలూకాలో ఈ ఫలిత మెట్లు పనికివచ్చునో చూడవచ్చును. పావగడ, మడకశిర ప్రాంతముల 25 వానమానుల 100 నెలల లెక్కలను, ఋతుభేదము తీసివేసి, ఒకే కొలతకు తెచ్చి, వాని పరస్పర సంబంధముల పట్టిక వేసితిమనుకొనుడు. ఇది సౌష్ఠవము గలది. పొరుగూళ్ల వానలకు నిజముగా సంబంధ ముండునుగాని, పరీక్షార్థము ఏ సంబంధమును లేదనియే ఊహింతము. అపుడు మూలము లన్నియు 1 కావలెను. కాని లెక్కలో అవి సుమారు 0.25 మొదలు 2.25 వరకు ప్రాకును. మార్చెంకో, పాస్తూర్ 1967లో చూపిన వ్యాప్తి యిది. పెద్ద మూలము చిన్నదానికి తొమ్మిది రెట్లున్నది గదా యని, ఒకే మేఘమార్గము ఈ ఊళ్ల నన్నిటిని పాలించుచున్నదని తీర్మానించి, దానినిబట్టి చెరువు లెచట త్రవ్వవలెనో నిర్ణయించినవాడు ఉత్త యాదృచ్ఛికతను నమ్మినవాడగును. 2.25కు బాగుగా వెలుపల నిలిచిన మూలమునకే కారణము వెదకదగును. 400 నెలల లెక్క యున్నచో ఆ హద్దులు 0.56, 1.56లకు కుదించుకొనును. అనగా ముప్పదిమూడేండ్లకు పైబడిన వాన లెక్కల పుస్తకములు చెదలు పట్టక మిగిలిన కచేరీ యొకటి దొరకవలెను.