పాడి ఆవులలో పొటాషియం లోపం: భర్తీలో జాగ్రత్తలు

ఈనిన తరువాత మేత మానివేసి కూలబడిన ఆవును చూడగానే పాలజ్వరమని అనుమానించడం సహజం. అయితే కాల్షియం ఎక్కించినా లేవని పశువులలో కొన్నింటికి అసలు కొరత పొటాషియానిది. శరీరంలోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో ఉండే స్వల్ప భాగం హెచ్చినా, తగ్గినా కండరాలు, గుండె వెంటనే దెబ్బతింటాయి.

పచ్చిమేతలో పొటాషియం సమృద్ధిగా ఉండటం వలన బాగా మేసే పశువుకు ఈ లోపం అరుదు. మేత ఆగినా పాలు, మూత్రం ద్వారా జరిగే నష్టం ఆగదు. దీనికి తోడు కీటోసిస్‌కు ఎక్కించే గ్లూకోజు ఇన్సులిన్‌ను పెంచి పొటాషియాన్ని కణాలలోకి నెడుతుంది. ఐసోఫ్లుప్రెడోన్ వంటి స్టెరాయిడ్లను పదేపదే వాడితే మూత్రంలో మరింత పోతుంది. అంటే చికిత్సే లోపాన్ని ముదిరించవచ్చు.

రక్తంలో పొటాషియం సాధారణంగా లీటరుకు 3.9 నుండి 5.8 మిల్లీమోల్స్ ఉంటుంది. 2.5 కంటే తగ్గితే పశువు తల కూడా నిలపలేనంత నీరసపడవచ్చు. లక్షణాలు పాలజ్వరాన్ని పోలి ఉంటాయి కనుక రక్తపరీక్ష తప్పనిసరి.

భర్తీకి నోటి మార్గమే సురక్షితం. మేత తినని పెద్ద ఆవుకు 30 నుండి 60 గ్రాముల పొటాషియం క్లోరైడును నీటిలో కరిగించి, 12 గంటల ఎడంతో రెండుసార్లు ఇస్తారు. తీవ్ర లోపంలోనూ రోజు మొత్తం కిలో బరువుకు 0.4 గ్రాములు మించరాదు. 400 కిలోల ఆవుకు ఇది 160 గ్రాములు. ఒకేసారి ఎక్కువ పోస్తే విరేచనాలు, చొంగ, కండరాల వణుకు కలుగుతాయి. లేవలేని పశువుకు సీసాతో పోస్తే ద్రావణం ఊపిరితిత్తులలోకి పోవచ్చు. పశువైద్యుడు గొట్టం ద్వారా పొట్టలోకి పంపడమే మేలు. మూత్రం పోయని పశువుకు పొటాషియం ఇవ్వరాదు. సిరలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. గంటకు కిలో బరువుకు 0.5 మిల్లీమోల్స్ పరిమితి.

రైతు ఇంట ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే. అయినా ఎరువు శుద్ధత పశువుల కొరకు నిర్దేశించినది కాదు; దానిని తాగించరాదు.

పారుడు రోగం వచ్చిన దూడల విషయం వేరు. కణాలలో లోపమున్నా, రక్తం ఆమ్లీకృతమైనపుడు అందులో పొటాషియం ఎక్కువగానే కనిపించవచ్చు. వాటికి ముందుగా ద్రవనష్టాన్ని, ఆమ్లతను సరిచేయాలి.