మిద్దె మీద మిద్దె... బాడుగ లెక్క సరిచూసుకున్నారా?

"ఏం వదినా, మిద్దె మీద ఇంకో రెండు పోర్షన్లు కట్టించి బాడుగకిస్తే సరి! అప్పు దానంతటదే తీరిపోతుంది."

బద్వేలులో ఈ మాట వినని ఇల్లాలు ఉండదేమో! పిల్లల చదువుల కోసం పల్లెల నుంచి వచ్చేవాళ్లు, బదిలీ మీద వచ్చే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఇళ్ల కోసం వెతుకుతూనే ఉంటారు. కానీ బాడుగ వేరు, చేతిలో మిగిలేది వేరు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు, ఒంటి మీది బంగారం ఇంటికి పెట్టేముందు ఈ తేడా తెలుసుకోవాలి.

లెక్క ఇలా వేయండి

పోర్షన్‌కు 5,000 చొప్పున రెండింటికీ నెలకు రూ.10,000 అనుకుందాం. ఏడాదికి 1,20,000 అని సంబరపడకండి. వేసవి సెలవుల్లో ఇల్లు ఖాళీ అయితే, కొత్తవాళ్లు దిగేసరికి నెల గడిచిపోతుంది. అందుకని 11 నెలల బాడుగే లెక్కలోకి తీసుకోండి. అది 1,10,000. ఇంటిపన్నుకు 4,000, సున్నాలకు, మోటారు రిపేరుకు 10,000 తీసేస్తే మిగిలేది 96,000. అంటే నెలకు 8,000 మాత్రమే!

బ్యాంకులో 10 లక్షలు 9 శాతం వడ్డీకి 15 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలసరి కంతు సుమారు 10,140. తక్కువ పడిన 2,140 జీతంలోంచో, పాలమ్మిన డబ్బులోంచో కట్టగలమా? ముందు ఇది తేల్చుకోవాలి. గడువు 20 ఏళ్లకు పెంచితే కంతు 9,000కు దిగుతుంది గానీ, మొత్తం మీద 3,30,000 పైగా ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

అప్పులో జాగ్రత్త

బ్యాంకు డబ్బు స్లాబు దాకా సరిపోయి, తలుపులకు, కరెంటు పనికి చాలక బయట చెయ్యి చాచడం చాలా ఇళ్లలో జరిగేదే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలు తెస్తే వడ్డీయే నెలకు 6,000. ఒక పోర్షన్ బాడుగ దానికే చాలదు! అందుకే మేస్త్రీ చెప్పిన అంచనాకు పదోవంతు కలుపుకుని దిగండి. లేదా ఈ ఏడు ఒక్క పోర్షనే కట్టండి.

భోగ్యానికి ఇస్తే పెద్ద మొత్తం ఒకేసారి వస్తుంది. కానీ అది తిరిగి ఇవ్వాల్సిన అప్పే, పైగా నెలనెలా బాడుగ రాదు. ఆ డబ్బు పెళ్లికో, నగలకో వాడేస్తే గడువు తీరిన రోజున ఎక్కడి నుంచి తెస్తారు?

వడ్డీ మారుతూ ఉండే గృహరుణాన్ని గడువుకు ముందే తీర్చినా జరిమానా వేయకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. పంట డబ్బో, బోనసో వచ్చినప్పుడు అసలులో జమ చేయండి.

ఖర్చు తగ్గించే చిట్కాలు

* నేలకు, అల్మారాలకు మన కడప బండలు వేయించండి. చాలాకాలం మన్నుతాయి.

* పోర్షన్‌కు ఒక కరెంటు మీటరు పెట్టించండి. అందరి వాడకం ఒకే మీటరు మీద పడితే యూనిట్లు పెరిగి ధర కూడా పెరుగుతుంది.

* ఇంటిపన్ను ఏడాదిది ఏప్రిల్‌లోనే కట్టేస్తే మున్సిపాలిటీలో 5 శాతం తగ్గింపు ఉంటుంది.

* ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకరు డబ్బు ఎవరివ్వాలో అగ్రిమెంటులో ముందే రాసుకోండి. ఏడాది దాటిన ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

* ఆదాయపు పన్ను లెక్కలో, ఇంటిపన్ను పోగా మిగిలిన బాడుగలో 30 శాతం మినహాయింపు ఉంది. రిపేరు రసీదులు చూపనక్కర్లేదు.

* అడ్వాన్సు మన డబ్బు కాదు. పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో విడిగా వేసి ఉంచండి.

ముగ్గు పోసే రోజుకంటే ముందే ఒక సాయంత్రం ఇంటాయన్ని కూర్చోబెట్టి, పిల్లల పాత నోటుపుస్తకంలో ఈ లెక్క వేయండి. కాగితం మీద కుదరని లెక్క ఇటుకల మీద కుదరదు!